తప్పులన్నీ ఆవిడవి

మంచి గైడో చెత్త గైడో తప్పు జవాబులు చూసి చెప్పాలి. ఒప్పు ఎవడైనా రాస్తాడు. ఒప్పు ఒక్కటే ఉంటుంది, ఎక్కడో ఒకచోట అచ్చయ్యే ఉంటుంది, చూసి దింపుకోవడమే. ప్రశ్న కింద మిగిలిన మూడు తప్పులు మాత్రం రాసేవాడు తన బుర్రలోంచి తీయాలి, వాడి బండారం బయటపడేది అక్కడే. అందుకే నేను ఏ గైడునీ మొదటి పేజీ నుంచి చదవను. అట్ట చూడను, ముందుమాట చూడను, ‘ఒక్కసారి చదివితే చాలు, సర్టిఫికెట్ మీ చేతిలో’ అన్న మాట కనిపిస్తే ఆ పేజీ మీద టీ గ్లాసు పెట్టుకుంటాను. రాసినవాడి పేరున్న కాగితం ముందే చింపేసి ఇవ్వమంటాను. మొహం తెలిస్తే రాత కనబడదు. ఈ కట్టకీ పేరు లేదు. మధ్యాహ్నం భోజనం అరక్కముందే బావమరిది దీన్ని బల్ల మీద పడేసి, నాలుగింటికి కింద మెషీన్ ఖాళీ అవుతుంది బావా, మీరు ఊఁ అంటే ప్లేట్లు ఎక్కిస్తా, ఊహూఁ అంటే ఈ ఏడాదికి దీని సంగతి అంతే, కొత్త కంప్యూటర్ పరీక్ష మొదలైపోతుంది, మిగతావాళ్ళ గైడ్లు బజార్లోకి వచ్చేస్తాయి, ఇక దీన్ని ఎవడూ వెయ్యడు అన్నాడు. ముక్కూ మొహం లేని పుస్తకానికి గంటలో తీర్పు చెప్పమంటావా అన్నాను. ‘మీకు గంటెందుకు బావా, ఊహూఁ అనడానికి అరనిమిషం చాలదూ’ అని నవ్వుకుంటూ మెట్లు దిగిపోయాడు. ప్రెస్సు వాడి నవ్వు. వాళ్ళక్క, మా ఆవిడ, పోయినప్పుడు కూడా కార్డులు తనే అచ్చేసి, అంచు సరిగా రాలేదని నా ముందే పనివాణ్ణి తిట్టాడు.

కింద మెషీన్ తిరుగుతోంది. నేల సన్నగా వణుకుతోంది, బల్ల కాళ్ళలోంచి నా మోచేతుల్లోకి ఎక్కుతోంది ఆ వణుకు. సిరా వాసన, జిగురు వాసన, ఎండకి కాగిన కాగితం వాసన. ఎదురుగా ఆవిడ కుర్చీ. తీసెయ్యమని ఎన్నిసార్లు చెప్పినా బావమరిది తీయడు, తీస్తానంటాడు, మర్చిపోయానంటాడు. కుర్చీ కూడా వణుకుతోంది. మనిషి బరువు లేని కుర్చీ కాబట్టి నాకంటే ఎక్కువ వణుకుతోంది, అంతే, ఇందులో వింతేమీ లేదు. ఎర్ర కలం మూత తీసి కట్టని మధ్యలోకి తెరిచాను.

తప్పుల్లో రకాలున్నాయి. ఊరికే నిలబెట్టినవి కొన్ని, చేలో దిష్టిబొమ్మల్లాంటివి, కాకి కూడా భయపడదు. బద్ధకస్తుడి తప్పు ఒకటుంది, ‘పైవేవీ కావు’ అని. నాలుగో గడి నింపడానికి ఏమీ తోచనివాడు పెట్టేది. దొంగ తప్పు ఇంకొకటి, పరీక్ష రాసి బయటికొచ్చినవాళ్ళ దగ్గర కూపీ లాగి, వాళ్ళకి గుర్తున్నంత మేరకు అతికించి అమ్ముకునేది. అసలైన తప్పు వేరు. నేర్చుకునే మనిషి నిజంగా ఎక్కడ కాలు జారతాడో అది అక్కడ కూర్చుని ఉంటుంది. చదివేవాడు దాన్ని చూసి ఇదే జవాబని గుండె మీద చెయ్యేసుకుని టిక్కు పెడతాడు. పెట్టాక కింద వివరణ చదివి తల పట్టుకుంటాడు. తల పట్టుకోవడం ఇంట్లో అయిపోతే పరీక్ష గదిలో అవదు. గైడు పని ఇంతే. ఇంతకు మించి చెప్పేవాళ్ళంతా మోసగాళ్ళు.

ఆ పని ఆవిడకి చేతనయినట్టు ఇంకెవరికీ చేతకాలేదు. ఈ బల్లకి అటు ఆవిడ, ఇటు నేను. ప్రశ్న నాది, ఒప్పు జవాబు నాది, మూడు తప్పులూ ఆవిడవి. మీ ఇంట్లోనూ ఇంతేగా, ఒప్పులన్నీ బావవి, తప్పులన్నీ అక్కవి అని బావమరిది వెక్కిరించేవాడు. ‘మరేం చెయ్యనురా, ఆయన ఒక్కటి రాసేలోపు నేను మూడు రాయాలి’ అనేది తలెత్తకుండానే. ఎవరో ఒక మనిషిని కళ్ళముందు నిలబెట్టుకోందే తప్పు రాసేది కాదు. ఇది హడావుడి మనిషిదండీ, ప్రశ్న సగం చదివి టిక్కు పెట్టేవాడిది. ఇది భయస్తుడిది, తెలిసినదాన్నే మళ్ళీ అనుమానించుకునేవాడిది. ఇది మరీ తెలివైనవాడిది, లేని మెలిక ఊహించుకుని బోర్లా పడేవాడిది. ఒప్పుకి మొహం ఉండదండీ, తప్పుకే ఉంటుంది. ఇలాంటి మాటలు ఎక్కడ దొరికేవో ఆవిడకి. పని చూడు అనేవాణ్ణి. చూస్తున్నాగా అనేది. చూస్తున్నాగా. ఇప్పుడు కూడా కుర్చీలోంచి అంది, లేదా కింద మెషీన్ కాగితాన్ని మింగిన చప్పుడేమో, రెండూ ఒకలాగే ఉంటాయి ఈ మధ్య.

పేజీ చదివాను. జాబితాల అధ్యాయం. ఒక జాబితాలో వరసగా పేర్లున్నాయి, మొదటి పేరు కావాలంటే ఏ అంకె వెయ్యాలి? సున్నా వెయ్యాలి, ఈ భాషలన్నీ లెక్క సున్నా నుంచే మొదలెడతాయి, పాలు తాగే పిల్లాడికైనా తెలుసు ఇవాళ. రెండో జవాబు ‘ఒకటి’. సరే, ఎవడైనా పెట్టే తప్పే. దాని కింద వివరణ చూశాను. ‘ఇలా అనుకోవడం సహజం. బడిలో మనకి లెక్క ఒకటి నుంచే నేర్పారు. సున్నా అంటే ఏమీ లేకపోవడమని చెప్పారు. లేనిదాన్ని ఎవడు లెక్కపెడతాడని అడిగారు. అందుకే మనసు మొదటి మనిషిని దాటేస్తుంది.’ కలం ఆగిపోయింది. లేనిదాన్ని ఎవడు లెక్కపెడతాడ్రా వెధవా. ఆ మాట మా ఊరి మాస్టారిది. అయిదు తరగతులకీ ఒకే గది, ఒకే మాస్టారు, ఒకే బెత్తం, వాన వస్తే అందరం ఒకే మూలకి జరిగేవాళ్ళం, ఆ మూలలో లెక్కలు ఒకటో తరగతివో అయిదో తరగతివో ఎవరికీ తెలిసేది కాదు. సున్నా నుంచి లెక్కపెట్టినందుకు నా అరచేతి మీద వేసిన దెబ్బ అది. ఎంత లోతుకి దిగిందంటే, ఇరవై ఏళ్ళ తర్వాత కరెంటాఫీసులో కంప్యూటర్లు దించి నేర్చుకోండి అన్నప్పుడు నేను రాసిన మొదటి ప్రోగ్రాం ఒకటి నుంచే లెక్కపెట్టింది. సున్నా దగ్గర కూర్చున్నాయన్ని వదిలేసి రెండో ఆయన దగ్గర మొదలెట్టింది. ఆ మొదటాయనకి నెలల తరబడి బిల్లే వెళ్ళలేదు. ఎవరూ కనిపెట్టలేదు, బిల్లు రానివాడు వచ్చి ఫిర్యాదు చేస్తాడా. బిల్లులు సరిచూసే బల్ల దగ్గర కొత్తగా చేరినావిడ కనిపెట్టింది. కాగితాలు పట్టుకుని నా దగ్గరికొచ్చి, ‘ఈయన అదృష్టవంతుడండీ, మీరు ఆయన్ని మనిషి కింద లెక్కే వెయ్యలేదు’ అంది. ఆఫీసంతా విన్నది. ఆ తర్వాత ఆవిణ్ణే పెళ్ళి చేసుకున్నాను. పగతో నన్ను చేసుకున్నావంటే నవ్వేది, ఆ నవ్వు మాత్రం పగతోనే నవ్వేది.

దొంగ. ఈ రాసినవాడెవడో ఆవిడ పాత గైడు ముందు పెట్టుకుని ఎక్కించుకున్నాడు. చచ్చినవాళ్ళ రాత, అడిగేవాడెవడు. కలంతో పేజీ పొడుగునా అడ్డగీత పెట్టబోయాను, అరనిమిషం చాలు అన్నాడుగా బావమరిది. కానీ చెయ్యి కదల్లేదు, ఎందుకంటే పాత గైడులో ఈ మాట లేదు. ఆవిడ రాసింది నిజమే. రాసిన ప్రతిసారీ నేను కొట్టేశాను. ఈ సోదంతా ఎందుకు, తప్పు అని ఒక్కమాట రాస్తే చాలదా, కాగితం ఊరికే వస్తుందా అని కొట్టేశాను. అచ్చయిన ఏ పుస్తకంలోనూ మా మాస్టారు లేడు. ఈ మాట రాయాలంటే పుస్తకం చాలదు, ఆవిడ నోటి వెంట విని ఉండాలి. ఆవిడ దగ్గర చదువుకున్న పిల్లలు బోలెడంతమంది, ఎవడికైనా చెప్పి ఉండొచ్చు, మొగుణ్ణి వెక్కిరించే అవకాశం వస్తే ఊరుకునే మనిషి కాదు. అదే అయి ఉంటుంది అనుకుంటూ పేజీలు తిప్పాను. వెతకడం మొదలుపెట్టానని నాకే తెలుస్తోంది, గైడులో మంచీ చెడ్డా కాదు నేను వెతుకుతున్నది.

మళ్ళీ మళ్ళీ ఒకే పని చేయించే వలయాల అధ్యాయం. మెట్టు విలువ ఏడు. ప్రతిసారీ రెండు తగ్గించు. మెట్టు సున్నాకి సమానమైనప్పుడు ఆగు. ఈ ప్రోగ్రాం ఎప్పుడు ఆగుతుంది? ఆగదు. ఏడు, అయిదు, మూడు, ఒకటి, ఆ తర్వాత సున్నాకి కింద. సున్నా మీద కాలే పడదు, ఇక ఎప్పటికీ పడదు, కిందికి కిందికి పోతూనే ఉంటుంది. తప్పు జవాబుల్లో ఒకటి, ‘నేల రాగానే ఆగుతుంది.’ ఈ తప్పు ప్రపంచంలో ఒక్కరే చేశారు. ఇంటి మెట్లు రెండేసి దూకే పిల్ల చేసింది. మెట్టు అని పేరు పెట్టింది కూడా ఆ పిల్లే, ఏడని వేసింది కూడా ఆ పిల్లే, ఎందుకంటే అప్పుడు దాని వయసు ఏడు. తెర మీద అంకెలు పిచ్చెక్కినట్టు దిగిపోతుంటే కుర్చీ మీద గొంతుక్కూర్చుని, ‘అమ్మా, ఇది నేల్లోకి దిగిపోతోందే, ఆపవే’ అని ఏడుపు. వాళ్ళమ్మ ఆపలేదు, కళ్ళనీళ్ళు కారేలా నవ్వుతూ కూర్చుంది. నేనొచ్చి తీగ పీకేశాను. ఎందుకు పీకారండీ, ఎంతవరకు పోతుందో చూద్దామనుకున్నాం అంది. పాడైపోదూ అన్నాను. పాడవదండీ, పోతూ ఉంటుందంతే అంది.

అయితే రాసింది మా అమ్మాయి.

కట్ట దూరంగా జరిపాను. కిటికీలోంచి చూస్తే వీధి అవతల శిక్షణ కేంద్రం మెట్ల మీద పిల్లలు కూర్చుని ఉన్నారు, చేతుల్లో గైడ్లు, ఒకడు చదువుతుంటే ఒకడు కళ్ళు మూసుకుని అప్పజెప్తున్నాడు, ఇంకొకత్తె అట్టతో విసురుకుంటోంది. వీళ్ళలో సగంమంది ఇల్లు ఈ సర్టిఫికెట్ మీదే నిలబడాలి. అచ్చులో ఉందంటే వేదం వీళ్ళకి. అందుకే నేను కఠినంగా ఉంటాను, జవాబుల్లో ఒక్క తప్పున్నా పుస్తకం వెనక్కి, ఇంతవరకు ఎవరికీ మినహాయింపు ఇవ్వలేదు. మా అమ్మాయికిచ్చే ప్రశ్నే లేదు. అది నాతో మాట్లాడక, నేను దానితో మాట్లాడక, ఆవిడ పోయినప్పటినుంచీ అంతే. మాట్లాడాల్సింది ఏముంది. డాక్టరు నన్నొక్కణ్ణే గదిలోకి పిలిచి, ఆవిడది మానే జబ్బు కాదని చెప్పాడు. బయటికొచ్చాక ఏమన్నాడండీ అంది ఆవిడ. పుండట, మందులతో మానుతుందట అన్నాను. నమ్మింది. నమ్మినట్టుంది. తినేది, నవ్వేది, నా తప్పులు ఏరేది. అలా ఇంకొన్నాళ్ళు వెళ్ళిపోయేది. ఒకరోజు నేను మందులకని వెళ్ళొచ్చేసరికి కూతురు మంచం మీద కూర్చుని ఉంది, తల్లి చెయ్యి దాని ఒళ్ళో ఉంది, ఇద్దరూ నా వంక చూశారు. అమ్మాయి నిజం చెప్పేసింది. నేను చేసింది తప్పని ఇవాళ్టికీ అనను. కాటి నుంచి తిరిగొచ్చిన రోజే దాని మొహాన చెప్పాను, నువ్వు చెప్పకపోతే ఇంకొన్నాళ్ళు బతికేది అని. ‘అబద్ధంలో బతికేది నాన్నా. ఎంత చేదైనా నిజం చెప్పాలి కదా, నువ్వే కదా నేర్పావు’ అంది. పొమ్మన్నాను. పోయింది. పొమ్మంటే పోయే రకం, తల్లి పోలిక కాదు, నా పోలిక.

చదవాలి. తీర్పు చెప్పాలి. ఎవరు రాస్తే నాకేంటి. కట్ట మళ్ళీ దగ్గరికి లాక్కుని ఈసారి పంటి కింద రాయి కోసం చదివినట్టు చదివాను. దొరికాయి. ప్రోగ్రాముల్లో నిలువు కొటేషన్లు ఉండాల్సినచోట వంకరవి పడ్డాయి, పిల్లాడు ఉన్నదున్నట్టు కొడితే మెషీన్ తీసుకోదు. ఒకచోట పేజీ మారేసరికి వరస జరిగిపోయింది, లోపలుండాల్సిన ముక్క బయటికొచ్చింది. ఇవి టైపు చేసినవాడి పాపాలు, ప్లేటు ఎక్కేలోపు దిద్దుకోవచ్చు, వీటికి పుస్తకాన్ని వెనక్కి పంపితే నా మీదే ఉమ్మేస్తారు. గుర్తులు పెట్టుకుంటూ పోయాను. దిష్టిబొమ్మ ఒక్కటీ లేదు. ‘పైవేవీ కావు’ ఒక్కచోటా లేదు. ప్రతి తప్పుకీ మొహం ఉంది. హడావుడి మనిషి ఇదిగో, భయస్తుడు ఇదిగో, బావమరిది ఇదిగో, తను చూడని సంగతి కూడా చూశానని ఒట్టేసేవాడు. అరవై మంది దాకా వచ్చి గదిలో నిలబడ్డట్టుంది, గాలి ఆడటం లేదు. ఫ్యాను తిరుగుతూనే ఉంది.

తర్వాత ఒకే సమయంలో రెండు పనులు నడిపించే అధ్యాయం వచ్చింది. ఇది ఈసారి పరీక్షలోకి కొత్తగా వచ్చింది, ఆవిడున్నప్పుడు లేదు. రెండు పనులున్నాయి. దీనికి కావాల్సింది దాని చేతిలో ఉంది, దానికి కావాల్సింది దీని చేతిలో ఉంది, ముందు నువ్వు వదులు అంటే ముందు నువ్వు వదులు అని రెండూ నిలబడిపోయాయి. ఇప్పుడేమవుతుంది? తప్పు జవాబు, ‘కాసేపటికి ఏదో ఒకటి వదిలేస్తుంది.’ కింద వివరణ. ‘ఇలా అనుకోవడం సహజం. మనుషులైతే అలా జరగాలి. కానీ ఎదుటివాళ్ళు వదిలితేనే నేను వదులుతానని ఇద్దరికీ రాసిపెట్టి ఉంటే ఎంతకాలమైనా అంతే. తప్పు జరిగిందని మెషీన్ చెప్పదు. ప్రోగ్రాం చావదు, నడవదు.’ పక్కన అంచులో ‘అనవసరం’ అని రాశాను. సొంత గోడు గైడులో రాసుకోకూడదు, ఇది కూతురు రాసింది, నన్ను కళ్ళముందు పెట్టుకుని రాసింది, ఎంత పొగరు. ‘తనని కూడా పెట్టుకునే రాసిందిగా’ అంది ఆవిడ. నువ్వూరుకో అన్నాను. పైకే అన్నాను. నా గొంతు నాకు వినబడింది.

ఎక్కడ నేర్చుకుంది ఇలా రాయడం. మా దగ్గర కూర్చుని ఎప్పుడూ రాయలేదు, రమ్మంటే మీ ఇద్దరి పోట్లాట మధ్యలో నేనెందుకు అనేది. ఆలోచిస్తుంటే మధ్యాహ్నాలు గుర్తొచ్చాయి. నిజం తెలిశాక ఆవిడ ఒక్కటే అడిగింది, మధ్యాహ్నం పూట మీరు ప్రెస్సుకి వెళ్ళండి, నా దగ్గర అమ్మాయి ఉంటుంది అని. నా మొహం చూడలేక పంపేస్తోందనుకున్నాను. నిద్రపోతుందనుకున్నాను. ఒకసారి కళ్ళజోడు మర్చిపోయి మధ్యదారిలో వెనక్కొచ్చాను. గది తలుపు వేసి ఉంది, లోపల ఇద్దరి నవ్వు. ‘ఊహూఁ, ఇది మరీ తేలిక, మీ నాన్న కూడా చెయ్యడే ఈ తప్పు’ అంటోంది ఆవిడ, మధ్యలో ఆయాసం, మళ్ళీ నవ్వు. నా మీద నవ్వుకుంటున్నారనుకుని అక్కణ్ణించే తిరిగి వెళ్ళిపోయాను, కళ్ళజోడు లేకుండా, ఆ రోజు ఒక్క అక్షరం కనబడలేదు. రాబోయే పరీక్షలో ఏమేం చేరుస్తారో ఆ ఏడే కాగితం బయటికొచ్చింది. ఆవిడ చూసి ఉంటుంది. తను చూడలేని పరీక్షకి, తనకి ఎప్పటికీ తెలియని పిల్లల కోసం, దిండుకి ఆనుకుని తప్పులు అల్లింది. ఏది తల్లిదో ఏది కూతురిదో ఇందాకటినుంచి విడదీద్దామని చూస్తున్నాను, నావల్ల కావడం లేదు. ఇన్నేళ్ళు ఎదురుగా కూర్చున్నవాణ్ణి, ఆవిడ కామా పెట్టే తీరు కూడా తెలిసినవాణ్ణి, విడదీయలేకపోతున్నాను.

గడియారం చూడలేదు కానీ కింద చప్పుడు నెమ్మదించింది, ఆఖరి రీములు అయిపోతున్నాయన్నమాట. చివరి అధ్యాయం, చివరి పేజీ. పని మధ్యలో ‘వెనక్కి వెళ్ళిపో’ అని ఆజ్ఞ వచ్చింది. ‘ఏం జరిగినా ఆఖర్న ఇది చెయ్యాలి’ అని విడిగా రాసిపెట్టిన భాగం ఒకటుంది. అది నడుస్తుందా, నడవదా? నడుస్తుంది. వెళ్ళిపొమ్మన్నా సరే, గడప దాటేముందు ఆ భాగం నడిచి తీరుతుంది, తెరిచినవి మూసి, పట్టుకున్నవి వదిలి, అప్పుడే బయటికి. అది ఉన్నదే అందుకు. పరీక్షలో ఖాయంగా అడిగే ప్రశ్న ఇది. ఒప్పుగా ఇచ్చిన జవాబు చూశాను. ‘నడవదు’ అని ఉంది. అచ్చుతప్పేమో అని వివరణ చూశాను. ‘వెళ్ళిపొమ్మన్నాక ఇంకేమీ నడవదు. సర్దడానికి మనిషంటూ ఉండాలి కదా.’ అంతే. ఇలా అనుకోవడం సహజం అన్న మాట లేదు. ఇంకో మనిషి మొహం లేదు.

తప్పు. నా నోట్లో మొదట వచ్చిన మాట అదే. తర్వాత నెమ్మదిగా మిగతాది వచ్చింది. ఇది అమ్మాయి రాసింది కాదు, అది ఈ పాఠం రోజూ చెప్పి పొట్టపోసుకుంటుంది, నిద్రలో లేపి అడిగినా చెప్తుంది. ఇది ఆవిడది. ఏ రోజుదో కూడా చెప్పగలను, మందు మోతాదు పెంచాక, మధ్యాహ్నానికీ సాయంత్రానికీ తేడా తెలియని రోజుల్లోది. లేదా అన్నీ తెలిసే చెప్పిందేమో, పుస్తకానికి సంబంధం లేని ఏదో ప్రశ్నకి జవాబు చెప్పిందేమో. ప్రతి తప్పుకీ ఒక మనిషిని చూసుకునే ఆవిడ ఈ ఒక్కదానికి మాత్రం తనే ఎదురుగా కూర్చుంది. అమ్మాయి రాసుకుంది. రాసుకున్నప్పుడు చూసింది, టైపు చేసినప్పుడు చూసింది, సరిచూసుకున్న ప్రతిసారీ చూసింది. దిద్దలేదు. ఎంత చేదైనా నిజం చెప్పాలని నా మొహాన అన్న పిల్ల, అబద్ధమని తెలిసీ తల్లి మాట మీద చెయ్యి వెయ్యలేక అచ్చాఫీసుకి పంపింది. నవ్వొచ్చింది నాకు, బాగా లేదు ఆ నవ్వు. ఇప్పుడు తెలిసిందా తల్లీ అనాలనిపించింది. అనడానికి ఎదురుగా ఎవరూ లేరు. వీధి అవతల అట్టతో విసురుకునే పిల్ల ఇప్పుడు చదువుతోంది, పెదవులు కదులుతున్నాయి. ఈ పేజీ ఇలాగే వెళ్తే ఆ పెదవులు ఇదే మాట వల్లిస్తాయి, నడవదు నడవదు అని. వెనక్కి పంపితే నా నియమం నిలబడుతుంది, ఆవిడ చివరి పని ఈ కట్టగానే అటకెక్కుతుంది. దిద్దితే ఆవిడ మాట పోతుంది, ఆఖరిది. ఆవిడేమంటుందో అని కుర్చీ వంక చూశాను. ఇంతసేపూ ప్రతిదానికీ ఏదో ఒకటి అంటూనే ఉన్న మనిషి. ఒక్కమాట అనలేదు. మెషీన్ ఆగిపోయింది, కుర్చీ కూడా వణకడం మానేసింది.

బావమరిది మెట్లెక్కి వచ్చాడు. చేతులు గుడ్డకి తుడుచుకుంటూ గుమ్మంలోనే నిలబడ్డాడు.

‘ఏం తేల్చారు బావా?’

‘రాసిందెవరో నీకు తెలుసు.’

‘పేరు చింపమన్నది మీరే కదా.’

‘తెలిసే ఇచ్చావు.’

‘తెలిసే ఇచ్చాను. ఏం, కొడతారా?’ అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, ‘అదే ఇవ్వమంది బావా. ఇంకెవరికిచ్చినా మొహమాటానికి ఊఁ అనేస్తారు మామయ్యా, నాన్నకే ఇవ్వు అంది’ అన్నాడు.

‘ఫోను కలుపు.’

‘నేనా?’

‘కలిపేది నువ్వు. మాట్లాడేది నేను.’

నా వంక అనుమానంగా చూస్తూ కలిపి, ఫోను బల్ల మీద, కట్ట పక్కన పెట్టాడు. రెండుసార్లు మోగింది. ‘చెప్పు మామయ్యా’ అంది. ఫోనులో దాని గొంతు వినడం ఎన్నాళ్ళకో, ఎదురుగా ఉన్నప్పుడు తెలియలేదు, మనిషి లేకుండా గొంతొక్కటే వస్తే అది వాళ్ళమ్మ గొంతు, అదే ఆయాసం కూడా, మెట్లెక్కుతోందేమో. మామయ్యా, ఉన్నావా అంది. బావమరిది నోరు తెరవబోతే చెయ్యెత్తి ఆపాను.

‘ఆఖరి ప్రశ్న’ అన్నాను. ‘జవాబు తప్పు. ఆ భాగం నడుస్తుంది.’

అడుగుల చప్పుడు ఆగింది. ఊపిరి వినబడుతోంది.

‘తెలుసు నాన్నా.’

తెలిసి ఎందుకు వదిలేశావని అడగలేదు. అడగాల్సిన అవసరం లేదు. ఎవరి జవాబులనైనా ఎవర్నీ అడక్కుండా కొట్టేసేవాణ్ణి నేను, ఇన్నేళ్ళూ అదే చేశాను, ఈ బల్ల మీదే చేశాను.

‘దిద్దెయ్యనా?’ అన్నాను.

పెట్టేసిందేమో అని బావమరిది వంగి ఫోను వంక చూశాడు. పెట్టెయ్యలేదు.

‘అది ఒక్కసారి పైకి చదువు నాన్నా’ అంది. ‘అమ్మ నా ఒక్కదానికే చెప్పింది. ఇంకెవరూ వినలేదు. చదివేసి దిద్దెయ్యి.’

కాగితం వెలుతురుకి పట్టుకున్నాను. వెళ్ళిపొమ్మన్నాక ఇంకేమీ నడవదు, సర్దడానికి మనిషంటూ ఉండాలి కదా అని చదివాను. తొందరపడకుండా, ఆవిడ ఎక్కడ ఊపిరి తీసుకుని ఉంటుందో అక్కడ ఆగి చదివాను. బావమరిది గుమ్మం వైపు తిరిగి నిలబడ్డాడు. అటువైపు నుంచి ఊఁ అని వచ్చింది, అంతే. ఆ రెండు వాక్యాల మీద ఎర్ర గీత గీశాను, గట్టిగా, కింద అక్షరం కనబడకుండా. పక్కన ‘నడుస్తుంది’ అని రాశాను. ఆ కింద వివరణ జాగా ఖాళీగా ఉండిపోయింది.

‘నడవదని ఎందుకనిపిస్తుందో నువ్వు చెప్పు’ అన్నాను ఫోనులోకి. ‘నేను రాసుకుంటాను.’